ఎవరిదీ కాని ముక్క

"పెద్ద పనేం కాదులెండి. వంతెన కింద సైకిల్ దారి తెగిపోయిన చోట చిన్న గీత గీశా, అంతే!" టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని మొదలెట్టాడు గీతల మేస్త్రి. నగరంలో రోడ్ల మీద గీతలు వేసే పని అతనిది.

"ఆ ముక్క మాది కాదని ఈ ఆఫీసు, మాది కాదని ఆ ఆఫీసు. ఎవరిదీ కాకపోతే నాదేనన్నా! రంగు డబ్బా మూత తీశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గీత ఆగితేగా! అది ముందు, బ్రష్షు పట్టుకుని నేను వెనక. మార్కెట్ వీధిలో తెగిన చోట అతికింది, స్టేషన్ ముందు అతికింది, ఆఫీసు మెట్లెక్కి పెద్ద ఇంజనీరు కుర్చీ కింద దూరి కిటికీలోంచి అవతలికి దిగింది. ఆయన కాళ్లు పైకెత్తుకుని కూర్చున్నాడు పాపం!"

"ఒక్క డబ్బాతోనే?" పార్సిళ్లు పంచే కొత్తతను నవ్వాడు.

"ఇంకా సగం మిగిలింది! లారీలు గీత అంచున ఆగి, 'ముందు తమరు వెళ్లండి' అని సైకిళ్లకి దారిచ్చాయి తెలుసా?"

"కోతలకైనా హద్దుండాలి మేస్త్రీ!"

"హద్దా? విను. ఆ దారి ఎంత నున్నగా ఉందంటే, తొక్కక్కర్లేదు, ఎక్కి కూర్చుంటే చాలు. మా పెద్దమ్మాయి పని ముగించుకుని, ఇంకా బయల్దేరకముందే ఇంటికొచ్చేసింది! 'అప్పుడే వచ్చావేమే' అని వాళ్లమ్మ అడిగితే, 'నాన్న గీత వేశాడుగా' అంది."

కొత్తతను పగలబడి నవ్వాడు. తక్కినవాళ్లెవరూ నవ్వలేదు. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి తల దించుకున్నాడు.

మేస్త్రిని పిలుచుకెళ్లడానికి వచ్చిన చిన్నకూతురు సైకిల్ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"వంతెన కింద గీత లేదు నాన్నా. అక్కని లారీ గుద్దిన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. పద, అమ్మ ఎదురుచూస్తోంది."

మేస్త్రి టీ అలాగే వదిలేసి లేచాడు. ఆమె సైకిల్ వంక చూశాడు.

"అక్కడ దిగి నడిచే వచ్చావు కదూ?"

"నడిచే వచ్చాను."

"రోజూ దిగు తల్లీ," అన్నాడు. "నా కోతలు నమ్మి తొక్కేవు."