మా స్తంభం దగ్గర కూర్చున్న పిల్ల

కూర్చో పంతులమ్మా, మాటిమాటికీ బయటికెందుకు చూస్తావు? పడవకి ఇంకా టైముంది. పెద్దవాడు మాట్లాడుతుంటే లేచిపోవడం మన దీవిలో ఎక్కడైనా ఉందా?

తెలుసులే, సంతకం కోసం వచ్చావు. ఆ పిల్ల టిబ్వెరే తరావా దీవికి వెళ్ళి పెద్ద బడి పరీక్ష రాయాలి. ఊరి పెద్దగా నా సంతకం లేకపోతే సరంగు పిల్లని ఎక్కించుకోడు. అంతేగా? ముందు ఈ నీరా తాగు.

నాకొకటి చెప్పు. కంప్యూటర్లు పాడైతే, స్ప్రెడ్‌షీట్ నేర్పడానికి పిల్లల్ని మనేబాకి తోలుకొస్తావా? అది ఊరంతా కూర్చునే సభామండపం కదా! చాపలు అడ్డవరసలట, స్తంభాలు నిలువువరసలట, ఒక్కో గడిలో ఒక్కో పిల్లట! సరే, ఊరుకున్నాను. తర్వాత ఏమన్నావు? "మార్కుల ప్రకారం సర్దుకోండి, పెద్దది పైకి, చిన్నది కిందికి" అన్నావా లేదా?

అక్కడ ఎవరి చోటు వాళ్ళది. మా తాత చోట మా నాన్న, ఆయన చోట నేను, నా తర్వాత నా మనవడు టెబుకా. టిబ్వెరే వాళ్ళ నాన్నకి చోటే లేదు. వేరే దీవి నుంచి వచ్చి చేరినవాడు, బయట చూరు కింద కూర్చుంటాడు. అలాంటివాడి కూతురు తొంభై రెండు అని రాసిన అట్ట పట్టుకుని, నేరుగా వచ్చి మా స్తంభం దగ్గర కూర్చుంది. ముప్పై ఒకటొచ్చిన నా మనవడు చూరు కిందికి పోయాడు. పిల్లలు నవ్వారు. నువ్వూ నవ్వావు, నేను చూశాను!

ఏంటీ? కంప్యూటర్లో అయితే ఒక్క మీట నొక్కితే మళ్ళీ ఎప్పటిలా అయిపోతుందా? ఊరి నోళ్ళకి ఆ మీట ఎక్కడుందో చూపించు మరి.

వాళ్ళ నాన్న వచ్చాడులే. చాపా పొగాకూ తెచ్చి, తలెత్తకుండా గంటసేపు కూర్చున్నాడు. పుచ్చుకున్నాను. పొగాకు బాగానే ఉంది. క్షమించానని మాత్రం అనలేదు.

కూర్చోమన్నానా! ఇంకా అవలేదు.

నిజం చెప్పనా? నా కోపం ఆ పిల్ల అక్కడ కూర్చున్నందుకు కాదు, కూర్చున్న తీరుకి. వెన్ను నిటారుగా పెట్టి, అటూ ఇటూ చూడకుండా... అచ్చం మా నాన్నలా కూర్చుంది. మావాడికి పదిహేనేళ్ళొచ్చాయి, ఒక్కనాడైనా అలా కూర్చున్నాడా? చూరు కింద హాయిగా కాళ్ళు బారజాపుకున్నాడు వెధవ, బతికిపోయానన్నట్టు! అది నేను చూడాలా, ఈ వయసులో?

ఆ, ఇంజను చప్పుడే, పడవ వెళ్ళిపోతోంది. పోటు తగ్గిపోతే పగడపు దిబ్బ దాటలేనని, మధ్యాహ్నానికి ముందే కదులుతానని సరంగు నాకు పొద్దున్నే చెప్పాడు. నేనే నీకు చెప్పలేదు.

ఏడుస్తావేం? ఏదీ, ఆ కాగితం ఇలా తే, సంతకం పెడతాను. రేపెవరూ నేను పెట్టలేదనకూడదు.