సర్వర్‌కి ఎక్కని పేర్లు

హలో… ఆయ్, నేనేనండి, భవానీదేవిని. రాజోలు హైస్కూల్లో వరద శిబిరం పెట్టేరు కదండీ, అక్కడ కంప్యూటర్ చూసేది నేనే.

గంగాధర్ గారేనా? అమలాపురంలో సర్వర్ చూసేది మీరేనన్నారు… హమ్మయ్య. పొద్దున్నుంచి ఈ సెల్లులోంచి మీకే చేస్తున్నానండి.

తప్పిపోయినవాళ్ళని వెతికే ప్రోగ్రాం ఉంది కదా, అది తెరుచుకోవడం లేదు. ఏ పేరు కొట్టినా ‘హోస్టు దొరకలేదు’ అంటోంది, అంటే మీ సర్వరేగా. నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే వరస.

లేదండీ, ఫోను లైను బాగానే ఉంది. మోడెం కూస్తోంది, కలుస్తోంది. మీ సర్వరే…

కాదండి, మిమ్మల్ని అనడం లేదు. ఇక్కడ నూట ఎనభై రెండు మంది ఉన్నారు. అందరూ నిన్న వచ్చినవాళ్ళే. పేర్లన్నీ కొట్టేను గానీ ఈ మిషన్లోనే ఉండిపోయేయి. వీళ్ళ కోసం ఎవరు ఏ ఊళ్ళో వెతుక్కుంటున్నారో… మీ దగ్గర పేరు కనపడకపోతే పోయేరనుకుంటారు కదండీ.

… ఏమండీ? లైన్లో ఉన్నారా?

ఆయ్, చెప్పండి. పింగా? మీ సర్వర్ పలుకుతోందో లేదో చూడ్డానికేగా, కొట్టేను. నాలుగుసార్లూ జవాబు లేదు.

సర్వర్ని మేడ మీదకి మార్చేరా? ఎప్పుడూ?… నిన్న మధ్యాహ్నమేనా. అయితే దాని నంబరు మారిపోయింది, మా మిషనేమో పాత నంబరుకే వెళ్తోందన్నమాట. మాకో మాట చెప్పొద్దాండీ…

సరే, సరేలెండి. నీళ్ళు మీ గుమ్మం దాటేక ఎవరికి మాత్రం గుర్తుంటుంది.

హోస్ట్స్ అనే ఫైలు… ఆ, తెరిచేను. మీ సర్వర్ పేరుంది, పక్కన నంబరు. చెరిపేను. కొత్తది చెప్పండి… చివర్న సెవెంటీనా, సెవెంటీయా?… పదిహేడు. సేవ్ చేసేను.

పింగ్… వచ్చిందండి, జవాబొచ్చింది.

ఉండండి… ప్రోగ్రాం ఇప్పుడింకో మాటంటోంది. ‘ఈ హోస్టుకి అనుమతి లేదు’ట, మా మిషన్నే అంటోంది.

మార్చడంలో మీ జాబితాలోంచి మా మిషను ఎగిరిపోయిందా? చేర్చండి మరి. ఆగుతాను…

ఆ, తెరుచుకుంది. పేర్లు వెళ్తున్నాయండి. ఇరవై… నలభై… అక్కడ కనపడుతున్నాయా?…

వందా దాటేయి… హలో? గంగాధర్ గారూ?

ఏ పేరు కనపడిందండి?… శ్రీదుర్గా? ఆయ్, ఉన్నారు. నిన్న పొద్దున్న ఏటి మధ్య లంకలోంచి పడవలో తీసుకొచ్చేరు. మీకేమవుతారండీ?…

అయ్యో. మీ ఆవిడా.

మూడు రోజుల్నుంచి మీరూ ఆ పేరే కొట్టి చూస్తున్నారా… మరి ఇందాకట్నుంచి ఒక్క మాటైనా అనలేదేమండి.

బాగానే ఉన్నారు. కాలికి కాస్త దెబ్బ తగిలింది, కట్టు కట్టేరు. నడుస్తున్నారు.

ఏంటండి?… మీ బాబు సంగతా?… లేదు, నా జాబితాలో బాబు పేరంటూ ఏం లేదు…

హలో… హలో. వినండి, కంగారుపడకండి. చంటిపిల్లల్ని విడిగా రాయమని మాకెవరూ చెప్పలేదండి. తల్లి పేరొక్కటే రాసేను. బాబు ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఆవిడ స్నానానికి వెళ్తే ఇందాక నేనే ఎత్తుకున్నాను.

… ఆయ్. నిజమేనండి.

… ఆయ్.

నాదే తప్పు, రాయాల్సింది. ఇంకా నలుగురున్నారు చంటివాళ్ళు. వాళ్ళ పేర్లూ ఇప్పుడే ఎక్కిస్తాను…

పర్లేదండి, ఏడవండి. ఫోను మాత్రం పెట్టేయకండి. ఈ సెల్లు బల్ల మీద పెట్టి, పక్క గదిలోంచి పిలుచుకొస్తాను…

శ్రీదుర్గగారూ— ఏమండీ, బాబునీ తీసుకురండి—