పసుపు నీళ్ళు, తెల్ల ముగ్గు

— అమ్మమ్మా, ఫోన్ రికార్డుల పెట్టిన. ఆ గడ్డకట్టిన ముగ్గు ముచ్చట మొదటికెల్లి చెప్పు. శ్రవంతక్క చెప్పవోయి సగంల నవ్వుకుంట ఆపేసింది.

అది నవ్వుతది, దానికేంది. గప్పుడు మాత్రం ఏడ్సింది. ఆ మెంతికూర ఇటు జరుపు మౌనికా, ఆకు తెంపుకుంట చెప్త, చేతులు ఖాళీగ ఉంటె నాకు మాట రాదు. ఈ కట్ట ఎంతకు తెచ్చినవు బిడ్డా? రెండు యూరోలా? మా జనగామ అంగట్ల రూపాయికి మూడు కట్టలు, మీదికెల్లి ఒకటి ఉత్తగ ఏసేటోళ్ళు. సరే తీ, ఇగ ఆ లెక్క మొదలువెడితె ముచ్చట ఆడనే ఉంటది.

ఇది ముందటేటి సంగతి. నేను ఫస్టు సారి జర్మనీ వచ్చిన్నాడు. దసరాకు ముందు... కాదు కాదు, దసరా అయినంకనే, బతుకమ్మ ఆడినంకనే ఇమానమెక్కిన. మూడు నెలల వీసా. ఎందుకొచ్చిన్నంటె, మా బిడ్డ శ్రవంతి మళ్ళ డ్యూటీకి ఎక్కింది, దాని బిడ్డ ఆద్యకేమో రెండేండ్లు, పొల్లను పట్టుకునేటోళ్ళు లేరు. కీటాల సీటు దొరకలె. కీటా అంటె మన అంగన్‌వాడి లెక్కనే, నీకెర్కనే గదా. ఈ దేశంల కొలువన్న దొరుకుతది గని కీటాల సీటు దొరకదు. మా గల్లీ చివర్న ఒకటున్నది, ప్రొటెస్టెంటు చర్చోళ్ళది. దానికి పెద్దమేడం ఫ్రౌ వింక్లర్, ఫ్రౌ అంటె ఇక్కడ మేడం అన్నట్టు. ఆమె లిస్టుల మాది పదకొండో నంబరు. జనవరి ఆఖరుకు నా వీసా అయిపోతది. గంతల్ల సీటు రాకుంటె శ్రవంతి కొలువు ఇడిసిపెట్టాలె. ఎంత కష్టపడి తెచ్చుకున్న కొలువు అది. పొద్దున లేస్తె నేను దేవునికి మొక్కేది ఒక్కటే, ఆ పదకొండును జర కిందికి దింపు తండ్రీ అని.

మేముండేది పై అంతస్తు. కింద ఇంటి ఓనరామె, ఫ్రౌ లాంగ్. ఎనభై యేండ్లుంటయి, ఒక్కతే. ఆమెకు తెలుగు రాదు, నాకు జర్మన్ రాదు, ఇద్దరం దినాం గంటసేపు మాట్లాడుకునేది. ఏం మాట్లాడుకుంటరత్తమ్మా అని అల్లుడడిగితె, మోకాళ్ళ గురించి అని చెప్పిన. నిజమే, ఆమె గూడ మోకాలు పట్టుకొనే మాట్లాడేది. మా ఆద్య అంటె ఆమెకు పానం. ఇది గూడ ఓమా, ఓమా, అంటె అవ్వా అవ్వా అనుకుంట ఆమె కొంగు వట్టుకొని... కొంగేడిది, ఆ ఉన్ని గౌను వట్టుకొని తిరిగేది.

ఫ్రౌ లాంగ్ కాతలిక్కు. మన దిక్కు ఆర్సీఎం అంటం సూడు, గది. ఊర్ల సగం గీళ్ళు, సగం ప్రొటెస్టెంట్లు. ఒకటే ఏసు, ఒకటే శిలువ, మరి లొల్లేంది అల్లుడా అంటె, అది నాలుగైదు వందల యేండ్ల లొల్లి అత్తమ్మా, నాకు మీటింగున్నది అని లోపటికి వోయిండు.

లొల్లి అంటె కర్రలు, కత్తులు గాదు బిడ్డా. గవన్నీ ఎనుకటియి. ఇప్పుడంత మర్యాదగ కొట్లాడుకుంటరు. జూన్ నెలల కాతలిక్కుల ఊరేగింపు ఎల్తది, పసుపు తెలుపు జెండాలు గట్టుకొని, పూలు సల్లుకుంట. సరిగ్గ గదే దినం ఎదురింటి ప్రొటెస్టెంటు ముసలాయన, హెర్ బ్రాంట్, బనీన్లు లాగులు అన్ని పిండి దండెం మీద ఆరేస్తడు. పండుగనాడు బట్టలారేసుడు అంటె ఇక్కడ మొఖం మీద తిట్టిన లెక్క. ఇగ డిసెంబర్ల ప్రొటెస్టెంట్ల నడక ఉంటది, బ్యాండు మేళంతోని. వాళ్ళు మా మూల తిరుగంగనే ఫ్రౌ లాంగ్ కిటికీ షట్టర్లు దడదడ కిందికి గుంజుతది. గుంజంగనే బ్యాండోళ్ళు ఆమె కిటికీ కింద నిలవడి ఇంకింత గట్టిగ ఊదుతరు. నలభై యేండ్ల సంది ఇదే తంతు. ఆమె నాయిన కాలంల అయితె ఆ నడక తొవ్వ మీద బండెడు పెండ గుమ్మరిచ్చిండంట. మనూర్ల గూడ పొలం గట్టు కాడ ఇంత ఓపికగ కొట్లాడెటోళ్ళను సూడలె నేను.

గయ్యేవి నాకప్పుడు తెల్వయ్. నడకకు ముందటి సాయంత్రం అల్లుడన్నడు, రేపు పది గంటలకు మన ఇంటి ముంగటికెల్లి ఊరేగింపు వస్తదత్తమ్మా అని. ఏ దేవునిది అన్న. దేవుడుండడు, ఉత్త మనుషులే నడుస్తరన్నడు. దేవుడు లేంది ఊరేగింపెట్లయితది అన్న. అప్పుడు చెప్పిండు. ఎనుకట ఒక రాజు, నా మతంలనన్న ఉండుండ్రి, లేకుంటె ఊరిడిసి పోండ్రి అన్నడంట. గీళ్ళ తాతముత్తాతలు పిల్లల్ని సంకనేసుకొని, మంచుల, కొందరికి కాళ్ళకు చెప్పులు గూడ లేకుండ, నడుసుకుంట ఈ ఊరికొచ్చిండ్రంట. అది యాది చేసుకొని ఏడాదికోసారి నడుస్తరు.

చెప్పులు లేకుండ అన్న మాట కాడ్నే నా పానం ఆగింది. మొహర్రానికి మా గల్లీల పీర్లు లేస్తె మా అత్త బిందెలకు బిందెలు నీళ్ళు గుమ్మరిచ్చేది ఎత్తుకున్నోళ్ళ కాళ్ళ మీద. బోనాలకు అంతే. రాములోరి తేరుకు అంతే. ఎవ్వల దేవుడైతేంది, ఎండకు కాలేది మనుషుల కాళ్ళే గదనే అనేది. గా అత్త చేతికింద ఇరవై యేండ్లు నీళ్ళు మోసినదాన్ని నేను.

తెల్లారి ఏడింటికి కింద సెల్లార్లకెల్లి రెండు బకీట్ల నీళ్ళు దెచ్చి, పసుపు కలిపి, గేటు ముంగట తొవ్వంత పారబోసిన. పిండితోని నాలుగు వరుసల ముగ్గేసిన. సలికి ఏళ్ళు తిమ్మిరెక్కినయ్, అయినా మస్తుగ కుదిరింది ముగ్గు. పైకొచ్చి తానం జేసి హారతి పళ్ళెం సదురుకున్న. మైనస్ ఆరంటె ఏంది, నీళ్ళు పోస్తె ఏమైతది అని నాకెవ్వలు చెప్పిండ్రు? జనగామల పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకుతయి.

బ్యాండు సప్పుడినబడంగనే హారతి పట్టుకొని మెట్లు దిగిన. కింద షట్టర్లు దడదడ వడ్డయి. అందరికంటె ముంగట ఫ్రౌ వింక్లర్, ముందుకు ఎనుకకు గుంజే పొడుగు బూర ఉంటది సూడు, అది ఊదుకుంట వస్తున్నది. నా ముగ్గు మీద అడుగేసింది, సర్రున జారింది. ఆమె డ్రమ్మాయన్ను వట్టుకున్నది, డ్రమ్మాయన జెండాయన్ను వట్టుకున్నడు, ముగ్గురు గల్సి నా ముగ్గు నడుమల కూసున్నరు. ఎనుకోళ్ళకు ఏం కనవడక ఊదుకుంటనే ఉన్నరు. దెబ్బలైతె తాకలె, పుణ్యం. బూర మాత్రం వంకర వోయింది.

నేను మెట్ల కాడ్నే ఆగిపోయిన. హర్రే, నీళ్ళు అద్దమైనయి. అద్దంల ముగ్గు పటం గట్టినట్టు కనవడుతున్నది. హెర్ బ్రాంట్ వంగి సూశిండు. పసుపు, తెలుపు. కాతలిక్కుల జెండా రంగులు. ఏలు వెట్టి ముగ్గును సూపెట్టిండు, తర్వాత ఫ్రౌ లాంగ్ మూసిన కిటికీని సూపెట్టిండు. మందంత అటు తిరిగి సూశిండ్రు. పెండ గుమ్మరిచ్చినాయన బిడ్డ గదా.

పైకి వోయి చెప్తె శ్రవంతి అడిగింది, పడ్డదెవరమ్మా అని. ఫ్రౌ వింక్లర్ అన్న. అది కుర్సీల కూలవడ్డది. ఎవ్వలకు చెప్పకమ్మా, జనవరి దాకా ఊకో, ఆద్యకు సీటు రానియ్యి అని నా చేతులు వట్టుకొని ఏడ్సింది బిడ్డ. తల్లిని, ఏమంట? సరే అన్న.

పాపం ఫ్రౌ లాంగ్ నేను కాదు, నేను కాదు అని రెండు దినాలు అందరికి చెప్పింది. ఒక్కలు నమ్మలె. మూడో దినం ఆమె చర్చి ముసలోళ్ళు కేకులు వట్టుకొని వచ్చుడు మొదలువెట్టిండ్రు, భలే చేసినవు అని. కేకులొచ్చినంక ఈమె గూడ కాదనుడు ఆపింది. ఆపి, ఒక ముక్క నాకు తెచ్చిచ్చింది. ప్లమ్ము కేకు, మంచిగనే ఉండె బిడ్డా. నేను చేసిన పనికి ఆమెకు కేకు, ఆ కేకుల నాకు వాటా.

గంతల మున్సిపాలిటీకెల్లి లెటర్ వచ్చింది. ఇంటి ముంగట ఐసు లేకుండ సూసుకునే బాధ్యత ఇంటామెదే అని, జవాబు రాయాలె అని. ఇక్కడోళ్ళు మందికి జడువరు గని లెటర్‌కు జడుస్తరు. ఆమె ఆ కాయితం వట్టుకొని మెట్ల మీద కూసున్నది. ఆద్య పోయి ఆమె ఒళ్ళె కూసున్నది. నాకు సూడ శాతగాలె. నా పొల్ల సీటు కోసం, నా పొల్లను ఎత్తుకునే ముసలిదాన్ని దొంగను జేస్తున్న. మా అత్త బతికుంటె బిందె నా నెత్తి మీద గుమ్మరిచ్చేది.

శ్రవంతి డ్యూటీకి పోయినంక, చెంబెడు నీళ్ళు, పసుపు పొట్లం, పిండి డబ్బ వట్టుకొని కీటాకు వోయిన. ఫ్రౌ వింక్లర్ తలుపు తీసింది. భాష రాదు, ఏం చెప్పాలె? ఆడ్నే గడప ముంగట కూసొని నీళ్ళు సల్లి అదే ముగ్గేసిన, నాలుగు వరుసలది. ఏసి, లేసి, నా రొమ్ము మీద చెయ్యివెట్టుకున్న. నేను అన్నట్టు. తర్వాత ఆమె బూటు మీద ఇన్ని నీళ్ళు పోసి దండం వెట్టిన. ఆమె నన్ను సూసింది, ముగ్గును సూసింది, తడిసిన బూటును సూసింది. అల్లునికి ఫోన్ కొట్టింది.

అల్లుడు ఎర్లాంగెన్ల ఆఫీసుకెల్లి సైకిల్ మీద ఉరికొచ్చిండు. పీర్లు, బోనాలు, మా అత్త, అన్ని చెప్పవట్టిండు, నేను ఎనుకకెల్లి అందిచ్చుకుంట. చెప్పులు లేకుండ నడిశిండ్రని విని నీళ్ళు పోసిందంట అని అల్లుడనంగనే ఆమె కండ్లు తుడుసుకున్నది. "మేము ఏటేటా నడుస్తున్నం. మా కాళ్ళకు నీళ్ళిద్దామని ఇంతవరకు ఒక్కలకు అనిపియ్యలె" అన్నది. అని, మళ్ళ గట్టిగ మొఖం వెట్టి, లిస్టు మాత్రం లిస్టే, మీది పదకొండే అన్నది. అదీ జర్మనీ. నీళ్ళు పోసినందుకు సీటియ్యలె, జారిపడ్డందుకు సీటు తియ్యను గూడ తియ్యలె.

ఆమెనే మున్సిపాలిటీకి రాసింది, ఇంటామె తప్పు లేదని. ఫ్రౌ లాంగ్‌కు నిజం నేనే అల్లునితోని చెప్పిచ్చిన. లెటర్ పీడ పోయిందని సంబరపడ్డది గని, కేకులు బందయినయని రెండు దినాలు నాతోని మోకాళ్ళ గురించి మాట్లాడలె.

సీటా? వచ్చింది బిడ్డా, నా ఇమానానికి ఆరు దినాల ముందు. జనవరిల బ్యాచు పెద్దగ జేసిండ్రంట, పైనోళ్ళందరికి దొరికినయ్, ఆఖరుకు ఎవ్వలో హాంబర్గ్‌కు బదిలై పోయిండ్రు, మాదొచ్చింది. నేను పోసిన నీళ్ళ పుణ్యమే అంట నేను. కాదమ్మా, లిస్టు అంటది శ్రవంతి.

అసలు ముచ్చట పోయినేడు డిసెంబర్ల. నేను మళ్ళొచ్చిన. నడకల ఈసారి కీటా పిల్లలు గూడ ఉన్నరు, మా ఆద్య కాయితం దీపం వట్టుకొని ముంగట్నే. పొద్దుగాల్నే ఫ్రౌ లాంగ్ గేటు ముంగట సన్న కంకర సల్లింది, నా దిక్కు కోపంగ సూసుకుంట. బ్యాండు మూల తిరిగింది. షట్టర్లు దడదడ కిందికి... సగం దాకనే వచ్చినయ్. ఆడ ఆగినయ్. ఆ సగంలకెల్లి ఆమె మొఖం కనవడ్డది, ఆద్యను ఎతుకుతున్నది. పెదవులు కదులుతున్నయ్. వాళ్ళ పాట ఆమెకు మొత్తం వచ్చు బిడ్డా, షట్టరు ఎనుక నిలవడి నలభై యేండ్లు ఇన్నది గదా. ఓమా అని పొల్ల చెయ్యూపింది. షట్టరు పైకి వోయింది, మొత్తానికి.

నేను చెంబెడు నీళ్ళు వట్టుకొని గేటు కాడ, ఆమె కిటికీ కిందనే నిలవడ్డ, పోద్దునా వద్దా అని. ఫ్రౌ వింక్లర్ బ్యాండు ఆపి, బూటు ముందుకు వెట్టింది. ఆమె ఎనుక డ్రమ్మాయన వెట్టిండు. హెర్ బ్రాంట్ గూడ వెట్టిండు, కంకర మీద జాగర్తగ. గప్పుడు కిటికీలకెల్లి ఒక చెయ్యి బయటికొచ్చి నా భుజం తట్టింది. ఫ్రౌ లాంగ్, కెటిలు వట్టుకొని. "ఆ చన్నీళ్ళు వద్దు, మళ్ళ గడ్డకడ్తది. ఇగో, ఎచ్చటియి పొయ్యి" అన్నది. అల్లుడు చెప్పిండు నాకు. వాళ్ళ కోసం గాదంట, ఇంటి ముంగట ఐసు గాకుండ అంట. అట్లనే అనుకోనియ్యి. మూడు కెటిళ్ళు కాచింది.

జూన్ల హెర్ బ్రాంట్ బనీన్లు ఆరేసుడు మానిండా అంటె, మానలె. గని ఎనుక వాకిట్ల ఆరేసిండంట. ఒక్కసారికే అంత అయితదా బిడ్డా.

ఇగ బందువెట్టు ఆ ఫోను, మెంతికూర అయిపోయింది. తినిపో. నువ్వు గూడ ఎవ్వల ఊరేగింపు వచ్చినా తలుపేసుకోకు, ఇన్ని నీళ్ళు పొయ్యి, ఎచ్చటియి. మా అత్త సల్లగుండు అని దీవించేది. ఈ సలిల ఆ మాట నాకు నోరు రాదు. ఎచ్చగుండు బిడ్డా, ఎచ్చగుండు.