లోవమ్మ మొక్కు

"పిన్నీ, ఆ పాత ఫ్రిజ్జులో ఐస్‌క్రీం డబ్బా ఉంది కదా, అందులో ఏంటది?"

"మూత తీసేవా?"

"తియ్యటమేంటి, స్పూను కూడా పట్టుకెళ్ళేను."

"ఎలకలు."

"ఎలకలని నాకూ తెలుత్తంది. తెల్లగా, తోకలతో, ఒకదాని మీద ఒకటి గడ్డకట్టుకుపోయి. ఛీ. తినే వస్తువులు పెట్టే ఫ్రిజ్జులో అవెందుకున్నాయని అడుగుతున్నాను."

"దానికి."

"దేనికి?"

"నువ్వు జడుసుకుంటావని ఆ మూల దుప్పటి కప్పేను చూడు, అది తియ్యి. అరవకు."

"అరవడానికేముంది, అదేదో పెట్టె... పిన్నీ."

"అరవద్దన్నానా."

"అరవలేదు. నోరు పెగిలితే కదా."

గల్ఫు దేశంలో, మహూజ్ పేటలో సోమేశ్వర్రావు గారి విల్లా, వంటింటి వెనక పనిమనిషి గది, 1995 నవంబరు. రెండేళ్ళు పనిచేసిన లోవమ్మ రేపటి విమానానికి తుని వెళ్ళిపోతోంది. ఆమె స్థానంలోకి రాజోలు నుంచి సాయికుమారి ఈ పొద్దున్నే దిగింది. గదిలో మంచం ఒకటి, పెట్టెలు రెండు, అద్దాల తొట్టిలో పాము ఒకటి. ఆ చివరి సామాను సంగతి సాయికుమారికి ఏజెంటు చెప్పలేదు.

"పిన్నీ, అది పాము. చెయ్యంత లావుంది. పనోళ్ళ గదిలో పామేంటి?"

"పెంచుకుంటన్నాను."

"ఎవరు?"

"నేను."

"అయ్యగారి పిల్లలు కాదా?"

"వాళ్ళకేం సమ్మంధం? నాది. పక్కింట్లో ఇంగ్లీషు మేడం ఉండేది. వాళ్ళ దేశం ఎల్లిపోతా, పాముల్ని ఎవరికన్నా ఇచ్చేత్తానంది. నేనడిగేను."

"అడిగి తెచ్చుకున్నావు. కుక్కపిల్లని అడిగినట్టు."

"కుక్కతో పనవ్వదు."

"పామేం పని చేత్తాది?"

"పడుకుంటాది."

"చాలు చాలు, దుప్పటి కప్పెయ్యి. పొద్దున్నుంచి ఈ వాసన డ్రైనేజీ అనుకుంటన్నాను."

"నిన్న దొడ్డికెల్లింది. తీసేసేను. దాంతోపాటు తెల్లగా సుద్దముక్కలాంటిది కూడా పడుద్ది, అదీ తీసెయ్యాలి. తీసేక కింద పేపరు మార్చాలి. ఎంటనే తీత్తే వాసనుండదు."

"ఎవరు తియ్యాలి?"

"రేపట్నుంచి నువ్వే."

"నేను వంటకొచ్చేను పిన్నీ. వంటకీ, బట్టలకీ, అంట్లకీ. పాము దొడ్డి ఎత్తడానికి కాదు. నా పిల్లోడిది ఎత్తడానికే మా అత్త ఉండేది."

"ఇది వారానికొక్కసారే."

"ఒక్కసారైనా నేనెత్తను. అసలెందుకు పెంచుతున్నావు? పిచ్చా?"

"మొక్కు."

"ఏం మొక్కు?"

"సుబ్బారాయుడు కల్లోకొచ్చేడు. నన్ను సేవించుకోమన్నాడు. అమ్మగారికి అదే చెప్పేను."

"నీ కల్లోకొత్తే నువ్వు చేసుకో. రేపు నీతో పట్టుకుపో."

"విమానంలో పామునెక్కనిత్తారా?"

"అయితే ఎవరికన్నా ఇచ్చెయ్యి. నీకెలాగిచ్చిందో ఆవిడ."

"సాయీ, ఇది ఈ గదిలోనే ఉండాలి."

"ఎందుకుండాలి?"

"...కుండలో నీళ్ళు రోజూ మార్చు. లోతు గిన్నె పెట్టు, అందులో దిగి కూర్చుంటాది ఒక్కోసారి. ఆ బల్బు మాత్రం ఆర్పకు, ఏసీ చల్లదనానికి దానికి జబ్బు చేత్తాది."

"నేనడిగింది అది కాదు."

"కళ్ళు తెల్లగా పాలు పోసినట్టయితే కుబుసం విడిచే ముందన్నమాట. అప్పుడు తిండి పెట్టకు, పెట్టినా తినదు. తడిగుడ్డ ఒకటి తొట్టిలో పడెయ్యి, దానికేసి రాసుకుని విడిచేత్తాది."

"ఆ విడిచింది నేను పట్టుకుని తియ్యాలి."

"తియ్యాలి. ఉల్లిపొర లాగుంటాది. అంతే."

"ఉల్లిపాయ కూడా తిననివ్వవా నన్నింక? పిన్నీ, ఈ తలుపుకి గడియ కూడా లేదు. రాత్రి అది బయటకొచ్చేత్తే?"

"తొట్టికి మూతుంది. మూతకి ఇటికలున్నాయి."

"తలుపుకేదీ? స్క్రూ కన్నాలే ఉన్నాయి. ఊడిపోతే మళ్ళీ వెయ్యలేదా?"

"ఇటికలు మాత్రం తియ్యకు. సన్నటి సందు దొరికినా దూరిపోద్ది."

"అడిగిందానికి చెప్పవేంటి నువ్వు? దాని మొకం చూడు. బురదలో పడ్డ తాడులాగ. ఆవిడ దగ్గర ఇదొకటే ఉందా?"

"రెండున్నాయి. చూసుకోమంది. ఒకటి సన్నంగా, నారింజ రంగులో, ముద్దుగా ఉంది."

"అది తెచ్చుకోవచ్చు కదా."

"అది రోజంతా దాక్కుంటాది. ఇది గుమ్మంలోంచి చూత్తే కనపడుద్ది."

"ఎవరికి కనపడాలి?"

"...చానా చెప్పిందిలే ఆవిడ. మొదటిసారి తెచ్చుకునేవాళ్ళు చూసుకోవాలంట. చేతిమీదేసుకుంటే నాలిక ఆడిత్తా ఉండాలి. కళ్ళు తేటగా ఉండాలి. ముక్కుల్లోంచి చీమిడి కారకూడదు. పొలుసుల సందున పురుగులుండకూడదు. మన ఎదురుగా ఒక ఎలకని తినిపించి చూపించమనాలి."

"నువ్వు ఆ చీమిడి చూసేవా?"

"నోరు తెరిచి కూడా చూసేను."

"పొరపాటున కూడా ఆ చేత్తో నాకు అన్నం పెట్టకు."

"డెటాలుంది. ఇయ్యాల దీనికి తిండి పెట్టే రోజు. చూసి నేర్చుకో. ఆ మగ్గిలా అందుకో."

"ఇందులో ఏంటి నానబెట్టేవు? ...ఛీ, ఛీ. తోక పైకి తేలింది."

"గడ్డకట్టింది పెడితే దానికి అరగదు. వేణ్ణీళ్ళలో మెత్తబడాలి."

"పిన్నీ, ఇది నేను పొద్దున్న టీ తాగిన మగ్గు."

"కాదు. దానిది పిడి విరిగుంటాది."

"నేను తాగిందానికీ పిడి లేదు."

"...కడిగేనులే."

"కడిగేవా. ఎప్పుడు, నేను తాగక ముందా, తాగేకా?"

"ఆ పట్టకారు పట్టుకో. తోక దగ్గర పట్టుకుని దాని మొకం ముందు ఆడించాలి."

"పట్టుకోను."

"ఈ ఒక్కసారి."

"చంపినా పట్టుకోను. నువ్వు చెయ్యి, నేను గోడ దగ్గర నిలబడతాను."

"సరే, చూడు. నాలిక ఆడిత్తంది చూసేవా, వాసన పట్టింది. ఇదిగో, అందుకుంది."

"చుట్టేసింది. చచ్చిందాన్నెందుకు చుట్టడం?"

"చచ్చిందని దానికి తెలీదు. కాసేపు పిసికి, అప్పుడు తలవైపు నుంచి మింగుద్ది."

"నోరు అంత తెరుచుకుంటదేంటి? దవడ ఊడిపోయినట్టుంది. కాళ్ళు బయటున్నాయి. పిన్నీ, కాళ్ళు లోపలికెళ్ళేయి, తోక ఇంకా బయటే ఉంది. నాకు వాంతొత్తంది."

"బక్కెట్టు తలుపు పక్కనుంది. నేనూ మొదట్లో అందులోనే."

"నీకూ వచ్చిందా?"

"మూడు వారాలు. దాన్ని చూసేక అన్నం సయించేది కాదు. ఇప్పటికీ చేతిమీద పాకితే ఒళ్ళు జలదరిత్తాది."

"మరెందుకే తల్లీ నీకీ ఖర్మ?"

"అది ఎక్కడ ముట్టుకున్నా, సబ్బెట్టి కడుక్కుంటే పోద్ది సాయీ. తిన్నాక రెండ్రోజులు దాన్ని కదపకు. కక్కేత్తాది."

"కక్కుద్ది కూడానా. అయిపోయింది, నాకొద్దు. అమ్మగారితో చెప్పేత్తాను."

"ఆవిడ తియ్యమనదు. డ్రైవరు గంగరాజు చేత సనాబిస్‌లో పెంపుడు జంతువుల కొట్టు నుంచి ఎలకలు తెప్పించేది ఆవిడే."

"అంత భక్తా? అయితే అయ్యగారితో చెప్తాను."

"ఆయనతో చెప్పకు."

"ఎందుకు?"

"తీయించేత్తాడు."

"నాకు కావలసింది అదే కదా."

"సాయీ, నీకు దణ్ణం పెడతాను. ఆయనతో చెప్పకు."

తలుపు బయట చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది.

"లోవమ్మా."

"ఆయ్, అయ్యగారూ."

"పెట్టె సర్దుకున్నావా?"

"సర్దేసేనండి."

"కొత్తమ్మాయి లోపలుందా? సాయికుమారి కదూ నీ పేరు. గది బాగుందామ్మా? ఏసీ చల్లగా వస్తోందా?"

"వత్తందండయ్యగారూ. లోపలికి రండి, మీతో ఒక మాట చెప్పాలి."

"పర్లేదు, ఇక్కణ్ణించే వింటాను. లోవమ్మా, దానికి మూత ఉందా?"

"ఉందండి. ఇప్పుడే తింది."

"స్వామీ, స్వామీ. చూడు సాయికుమారీ, నువ్వేం చెప్పాలనుకుంటున్నావో నాకు తెలుసు. రేపు లోవమ్మ వెళ్ళగానే మనిషిని పిలిపించి దాన్ని తీయించేస్తాను. చిన్నదానివి, నీకెందుకమ్మా ఆ అసహ్యం? ఏం కావాలన్నా నాతో చెప్పు. అమ్మగారిని కదపకు, ఆవిడ రాత్రి మాత్ర వేసుకుని పడుకుంటే మళ్ళీ తెల్లారాకే లేస్తుంది. నేనే వచ్చి కనుక్కుంటూ ఉంటాను. ఉండు, ఫోను మోగుతోంది. వస్తాను."

"ఎల్లిపోయేడా?"

"హాల్లోకెల్లేడు. పిన్నీ, ఎంత మంచిగా మాట్లాడేడో. నువ్వేమో చెప్పకంటావు."

"మంచిగానే మాట్లాడతాడు."

"లోపలికెందుకు రాలేదు?"

"పామంటే ఆయనకి పై ప్రాణం పైనే పోద్ది. చిన్నప్పుడు నాగుంబాముని కొట్టి చంపేడంట. ఆ దోషమని మోపిదేవిలో ఎన్ని పూజలు చేయించేడో. పామున్న గుమ్మం తొక్కడు."

"...ఇది రాకముందో?"

"కిందపడ్డ ఆ తడి తుడవాలి. గుడ్డిలా ఇయ్యి."

"పిన్నీ. ఇది రాకముందు లోపలికొచ్చేవోడా?"

"గడియ లేదు కదే."

"ఎవరు ఊడదీసేరు?"

"ఆయనే. నేను దిగిన వారానికి, స్క్రూడ్రైవరు తెచ్చుకుని. వంటింట్లో పొగొత్తే నన్ను బయటకి లాగాలి కదా, అన్నాడు."

"నిజంగా పొగకోసమేనేమో."

"నేనూ అలాగే అనుకున్నాను. మొదటి రాత్రి దాకా."

"అయ్యో పిన్నీ."

"ఏడవకు. ఓరోజు ఇంగ్లీషు మేడం టీకి పిలిత్తే అయ్యగారెల్లి, దీన్ని చూసి చెప్పులొదిలేసి పారిపోయొచ్చేడు. ఆ చెప్పులు తేవడానికి నన్నే పంపేడు. మర్నాడు మళ్ళీ ఎల్లి ఆవిణ్ణి అడిగేను, ఆ లావుది నాకియ్యమ్మా అని. ఇది వచ్చిన కాణ్ణుంచి ఆ గుమ్మం దాటలేదు."

"అమ్మగారికి తెలుసా?"

"మొక్కున్నానంటే ఇంకో మాటడగలేదు. కాసేపు నా మొకంలోకి చూసి, ఎలకలు నేను తెప్పిత్తానంది."

"ఛీ."

"పామునా?"

"కాదు."

"మరింకేం. కళ్ళు తుడుచుకో."

"ఇంటి పేరూ వంశమూ చెప్పుకునే మనుషులు. దేవుడి గదిలో గంట కొట్టే చెయ్యి. ఛీ. నాకెందుకు చెప్పలేదు ముందే?"

"చెప్తే రాత్రంతా ఆ తలుపుకేసి చూత్తా కూర్చుంటావు. చెప్పకపోతే పాముని అసయ్యించుకుంటా పడుకుంటావు. రెండోది నయమనిపించింది."

"ఎల్లిపోతాను పిన్నీ. నీతో వచ్చేత్తాను."

"పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. రెండేళ్ళ అగ్రిమెంటు మీద నీ ఏలిముద్దరుంది."

"సబ్బెట్టి కడుక్కుంటే పోద్దన్నావు."

"పాముదైతే పోద్ది."

"...రేపు తీయించేత్తానన్నాడు కదా."

"రేపు కాబట్టే. మొక్కున్న పాముని కదపడానికి ఆయనకి గుండెలు లేవు, దోషం రెట్టింపవుద్దని బయ్యం. నా మొక్కు నాతో విమానమెక్కేత్తాది. అప్పుడిది ఉట్టి పామే. ఎప్పుడెల్తానా అని చూత్తన్నాడు."

"చెప్పుల చప్పుడు."

"ఊరుకో. నేనేదో చెప్తాను."

"నువ్వాగు పిన్నీ."

"ఆ, ఫోనైపోయింది. ఏమ్మా సాయికుమారీ, ఏదో మాట చెప్పాలన్నావు. దాన్ని తీయించేయమనేగా? పొద్దున్నే మనిషిని పిలవనా?"

"వద్దండయ్యగారూ. ఇక్కడే ఉండనివ్వండి. నాకూ మొక్కుందండి."