ముప్పై ఫోన్లు మోగిన ఆఫీసు

ఆఫీసులకి ఇంటర్నెట్ ఫోన్లు బిగించే మా రింగు మాస్టారికి అక్క పోయి పందొమ్మిది రోజులైంది. తల్లి లేని ఆయన్ని ఎత్తుకుని పెంచిన అక్క. ఆ రోజు నుంచి బావ ఆయనతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇవాళ ఆ బావ తనంతట తానే టీకొట్టుకి వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. మాస్టారు చూసీ చూడనట్టు మాకేసి తిరిగి కోతలు మొదలుపెట్టాడు. ఎలాగైనా బావ చేత ఒక్క మాట పలికించాలని ఆయన తాపత్రయం. అది మాకందరికీ తెలుస్తూనే ఉంది.

“ముప్పై బల్లల ఆఫీసండీ. పొద్దున తొమ్మిదికి వెళ్లాను, సాయంత్రం ఐదుకల్లా ముప్పై ఫోన్లూ మోగించాను. మామూలు మనిషికి వారం పడుతుంది, పోనీ నాలుగు రోజులనుకోండి. నేను వైర్లు లాగను, పిలుస్తాను, అవే వస్తాయి.”

“పేరు పెట్టి పిలుస్తారా?” అన్నాడు టైలరు.

“నవ్వకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో రోజున వీధిలో గొయ్యి తవ్వేవాళ్లు నెట్ కేబులు పుటుక్కున తెంపేశారు. చుట్టుపక్కల ఆఫీసుల్లో ఫోన్లన్నీ మూగబోయాయి. నేను బిగించిన ఆఫీసులో మేనేజరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఆయనకి తెలియను కూడా తెలియలేదు. ఎందుకంటే ఒక లైను పోతే ఇంకో లైను అందుకునేలా పెట్టాను. రెండోదీ పోతే సిమ్ కార్డు. అదీ పోతే ఏమిటన్నది చెప్పకూడదు, నా సొంత విద్య. తర్వాత కరెంటు పోయింది, మాట ఆగలేదు. వాన కురిసి మొదటి అంతస్తు దాకా నీళ్లొచ్చాయి, మాట ఆగలేదు. చివరికి ఆఫీసునే వేరే వీధికి మార్చారు, మేనేజర్ని కుర్చీతో సహా లారీ ఎక్కించారు, చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. ఆ కాల్లో ఉండగానే ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో కూడా ‘ఆఁ, చెప్పండి’ అంటూనే ఉన్నాడు.”

“అవతలివాడికి పనీపాటా లేదా?” అన్నాడు టీకొట్టాయన.

బావ నవ్వలేదు. చేతిలో గ్లాసుకేసి చూస్తున్నాడు. మాస్టారు గొంతు పెంచాడు.

“అసలు గొప్పంతా మోగడంలో ఉందయ్యా. ఒక బల్ల దగ్గర ఎత్తకపోతే పక్క బల్ల మీద మోగుతుంది. అక్కడా ఎత్తకపోతే ఆ పక్కది. ముప్పైలో ఎవరూ ఎత్తకపోతే లిఫ్టులో మోగుతుంది, వాచ్‌మన్ జేబులో మోగుతుంది. ఓసారి అక్కడా ఎవరూ లేరు. అప్పుడేమైందో తెలుసా? గోడ మీద ఆ కంపెనీ పెట్టిన పెద్దాయన ఫోటో ఉంది, పోయి పదేళ్లయింది. ఆ మోతకి విసుగెత్తి ఆయనే ఫోటోలోంచి చెయ్యి చాపి ఎత్తాడు.”

మేం పగలబడి నవ్వాం. “అయితే పోయినవాళ్లకి కూడా లైను కలుపుతారన్నమాట,” అనేసి టైలరు నాలిక కరుచుకున్నాడు.

“కలుపుతాను,” అన్నాడు మాస్టారు. ఆగడం ఆయనకి చేతకాలేదు. “నేను వేసిన లైన్లో వచ్చిన పిలుపు ఇంతవరకు ఒక్కటీ వృథా పోలేదు.”

“మీ అక్క పదకొండు సార్లు చేసింది,” అన్నాడు బావ.

మాస్టారు బావకేసి తిరిగాడు. ఈసారి కోతలు లేవు.

“ఆదివారం బావా. ఆ ముప్పై బల్లల ఆఫీసులో నేనొక్కణ్ణే. ఎవరూ ఎత్తకపోతే కాల్ ఏమవుతుందో చూడాలి. అందుకని నా సెల్లుకి వచ్చేవన్నీ ఆఫీసు నంబరుకి మళ్లించాను. మా పార్ట్‌నర్ బయటినుంచి చేస్తూ ఉంటానన్నాడు. ఒకదాని తర్వాత ఒకటి ముప్పై ఫోన్లూ మోగాయి. వాడే అనుకున్నాను. ఎత్తితే టెస్టు చెడిపోతుందని ఎత్తలేదు, నంబరైనా చూడలేదు. మళ్లీ మోగాయి. మళ్లీ మోగాయి. అక్క పిలుస్తుంటే, నేను చేతులు కట్టుకుని మురిసిపోతూ నిలబడ్డాను బావా.”

“ఇన్నాళ్లు మాట్లాడనిది కోపంతో కాదు,” అన్నాడు బావ. “చెప్పాల్సింది నోరు దాటి రాక. గుండెలో నొప్పనగానే నేను అంబులెన్సుకి చేశాను, తను నీకు చేసింది. కాసేపు మోగింది. అంతలో మీ అక్క మొహం తేటపడింది. ‘తమ్ముడు లైన్లో ఉండమన్నాడు, ఇప్పుడే మాట్లాడతాడట’ అంది.”

మాస్టారికి అర్థం కావడానికి క్షణం పట్టింది. ఎవరూ ఎత్తనప్పుడు వినిపించాలని ఆ ఆఫీసు కోసం ఆయన తన గొంతుతోనే ‘లైన్లో ఉండండి, ఇప్పుడే మాట్లాడతాను’ అని రికార్డు చేసి పెట్టాడు.

“అది యంత్రం బావా,” అన్నాడు. “నేను కాదు.”

“నాకు తెలుసు. తనకి తెలియదు. లైను కట్టవగానే మళ్లీ చేసేది. అంబులెన్సు వచ్చేదాకా పదకొండు సార్లూ అదే విన్నది. విన్నప్పుడల్లా ‘సరే నాన్నా’ అంది నీతో.”

“రేపే తీసేస్తాను ఆ రికార్డింగు.”

“తియ్యకు,” అన్నాడు బావ. “రోజూ సాయంత్రం ఆఫీసు మూసేశాక ఆ నంబరుకి నేను చేస్తున్నాను. తను చివర్లో విన్నది నాకూ వినాలనిపిస్తుంది.”

మాస్టారు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. బావ లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు.