టఫ్‌మనే బండి

నూకరాజని, రొయ్యల చెరువు కాపలా వాడు. వాడూ, పెళ్లాం మంగా చెరువు గట్టు మీద పాకలో ఉంటారు. చుట్టూ నీళ్లే, పిల్లలు జారిపడితే దిక్కెవరని ఇద్దరు పిల్లల్నీ దూరంగా మెట్టలో అత్తగారు కాసులమ్మ దగ్గర పెట్టాడు. పెట్టాడన్న మాటే గానీ ప్రాణమంతా అక్కడే. దగ్గు తగ్గిందా, దోమతెర కట్టారా, నూతి మీద మూత వేశారా అని పొద్దుటోసారి ఫోను, రాత్రోసారి ఫోను. అంతటోడు చెరువులో రొయ్యలు పట్టడం అయ్యాక, ఎన్ని నెలలకో బస్సులు మారి మారి వెళ్తే ఏమైందంటే, నాలుగేళ్ల కొడుకు అబ్బులు అమ్మమ్మ చీర చాటుకెళ్లి "ఈయనెవరే?" అన్నాడంట. ఆ మాట ఎవడు మింగగలడు చెప్పండి? పాకకొచ్చి, "వారం వారం వెళ్లకపోతే వాడికి నేను చుట్టాన్నైపోతానే" అన్నాడంట. "అయితే బండి కొను" అంది మంగ.

బండి అంటే వీడికి గుండె దడ. కుర్రతనంలో బండెక్కితే గాలే అనుకోండి. పెద్దపిల్ల రత్నం పుట్టిన ఏడు గేదె అడ్డొచ్చి పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయిందంతే. కానీ ఆ టైంలో ఒళ్లో పిల్లుంటేనో అనుకుని, తెల్లారి బండి అమ్మేశాడు. మళ్లీ హ్యాండిలు ముట్టలేదు. సరే, ఇప్పుడు కొడుకు కోసం షెడ్డు బాషా దగ్గర పాత బండొకటి చూశాడంట. సీటు చిరిగింది, ట్యాంకు రంగు లేచిపోయింది, సైలెన్సరుకి చిల్లు. కాసేపు డుబడుబలాడి ఉన్నట్టుండి టఫ్‌మని పేలుద్ది. "ఎవరిదిరా ఇది?" అంటే, "ఎవరో గవర్నమెంటాయనది అన్నా, వేరేది తీసుకుంటున్నాడు" అన్నాడు బాషా. బ్రేకులు మార్పించాడు, టైర్లు మార్పించాడు, గొలుసు మార్పించాడు. వెల్డింగు కుర్రోడు పెళ్లికెళ్లాడంట, ఆ చిల్లొక్కటీ మిగిలిపోయింది.

ఎక్కాడు. ఏమైందంటే, కాలికి గేరు గుర్తుంది! మనిషి వణుకుతున్నాడు గానీ కాలు దాని పని అది చేసుకుపోతుంది. అయినా తూము వస్తే దిగి తోసుకుంటూ, దూరాన గేదె కనబడితే ఆగి దానికి దారిస్తూ వెళ్లాడంట. మెట్ట మీద మొదటి ఊరొచ్చింది. బండి టఫ్‌మనగానే వీధిలో గోళీలాడే పిల్లల్లో ఒక్కడు లేడు! గోళీలు గోళీల్లాగే ఉన్నాయి. రెండో ఊళ్లోనూ అంతే. అరుగు మీద ముసలమ్మ "మావోడు గడ్డిమేటు వెనకున్నాడు, వెళ్లి పట్టుకో నాయనా" అందంట. పట్టుకోవడమేంటి? వీడికి వింత. బండాపి అద్దంలో మొహం చూసుకున్నాడు. మొహం మొహంలాగే ఉంది. హెల్మెట్టు వల్లేమోనని దాన్ని తుడిచాడు కూడా.

అత్తారి ఊళ్లోనూ వీధంతా ఖాళీ. కాసులమ్మ బయటికొచ్చి, "నువ్వా అల్లుడూ! చప్పుడికి సత్తిరాజనుకున్నాం" అంది. అటక మీంచి రత్నం నవ్వుతూ దిగింది. "నాన్నా, ఇది సూదుల సత్తిరాజు బండి! టఫ్‌మంటే టీకాలే. ఈ చప్పుడికి పిల్లలెవరూ దొరకట్లేదని అమ్మేస్తానన్నాడు, నువ్వా కొన్నది?" అందంట. కొడుకు దగ్గరికి రావాలని బండి కొంటే, కొడుకుని తరిమే బండే దొరికింది! "తమ్ముడేడే?" అంటే ధాన్యం గాదె చూపించింది. "అబ్బులూ" అని పిలిస్తే, లోపల్నించి "నేన్లేను!" అన్నాడంట.

నూకరాజు గాదె పక్కనే చతికిలబడి, "సూదుల్లేవురా, కావాలంటే జేబులు తడుము" అన్నాడు. చిన్న చెయ్యొకటి పైకొచ్చి జేబులో దూరింది. కొబ్బరుండ దొరికింది. కాసేపటికి తలకాయొచ్చింది. "నువ్వు సత్తిరాజువా?"

"మీ నాన్ననురా."

"మరి సత్తిరాజు బండి నీ దగ్గరుందేం?"

"నాదే ఇప్పుడు."

"ఆయనకి లేదా?"

"లేదు."

అంతే అనుకోండి! గాదెలోంచి ఒక్క దూకు దూకి, వీధిలోకి పరిగెత్తి, "ఒరేయ్, మా నాన్న సత్తిరాజు బండి లాగేసుకున్నాడ్రోయ్!" అని ఊరంతా అరిచాడంట. మంచాల కిందోళ్లు, గడ్డిమేటు వెనకోళ్లు, అందరూ వచ్చి బండి చుట్టూ మూగారు. అబ్బులు ట్యాంకు మీదెక్కి, తండ్రి చొక్కా పట్టుకుని వదిలితే ఒట్టు.

తర్వాత సత్తిరాజు కరెంటు స్కూటరు మీద చప్పుడు లేకుండా వచ్చి ఒక్కణ్ణీ వదలకుండా పొడిచాడు. అబ్బులు ఎక్కడ దాక్కుంటాడో ఫోను చేసి చెప్పింది మాత్రం నూకరాజే. పిల్లాడికి టీకా తప్పితే తండ్రికి నిద్ర పట్టుద్దా? ఈ సంగతి అబ్బులికి మీరెవరూ చెప్పకండి.

ఇప్పుడా ఊళ్లో పిల్లలు చప్పుడు లేని బండొస్తే పారిపోతారు, టఫ్‌మంటే ఎదురెళ్తారు. వెల్డింగు కుర్రోడు పెళ్లి నుంచి వచ్చాడని బాషా నాలుగుసార్లు కబురెట్టాడంట. బండిలో వారానికో బోల్టు బిగించుకునే నూకరాజు, ఆ చిల్లు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వడు. అదిగో, వినండి, కాలవ మలుపులో. వాడే వెళ్తున్నాడు.