ఆదెమ్మ ఇంటి హద్దు

ఆదెమ్మకి వీలునామా రాయించుకోవడం అలవాటంట. మనకి పండక్కి తలంటు ఎట్లాగో, ఆమెకి నెల తిరిగితే వీలునామా అట్లాగనుకో. అంత ఆస్తి ఏముందయ్యా అంటే, ఊరి చివర రెండంకణాల పెంకుటిల్లు, వెనక నాలుగు సెంట్ల దొడ్డి, అంతే. మొగుడు సుబ్బయ్య ముంజలకని తాటిచెట్టెక్కి, పడి ప్రాణం పోయి పాతికేళ్లయింది. పిల్లల్లేరు. పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా లేరు. 'చివరింటావిడ' అనేవాళ్లంట, లేకపోతే 'తాటిచెట్టు సుబ్బయ్య పెళ్లాం'. ఆదెమ్మ అనే పేరు వినపడేది ఒక్క చోటే. ఎక్కడా? దస్తావేజులు రాసే పానకాలు అరుగు మీద. మొదటిసారి ఆయన రాసి, రాసింది పైకి చదివాడు. వేలిముద్ర వేసేవాళ్లకి చదివి వినిపించాలి గదా మరి. "కీర్తిశేషులు బత్తుల సుబ్బయ్య గారి భార్య ఆదెమ్మ, వయస్సు అరవై రెండు సంవత్సరములు, పూర్తి స్మారకంతో, ఎవరి బలవంతమూ లేకుండా, మనస్ఫూర్తిగా రాయించిన వీలునామా" అని. ఆదెమ్మ ఇంకాస్త ముందుకి జరిగిందంట. ఇంకోసారి చదువు నాయనా అందంట. చదివాడు. ఇంకోసారి అంది. మళ్లీ చదివాడు.

సాక్షులు ఇద్దరు కావాలి. పక్కింటి దూదేకుల మస్తాను ఒకడు, బొంతలు కుట్టేవాడు. బడ్డీకొట్టు నాంచారమ్మ ఇంకొకామె. ఆస్తి ముట్టేవాళ్లు సాక్షి సంతకం పెట్టగూడదని పానకాలు నియమం. అంటే ఏమిటి? వచ్చి కూర్చున్నారంటే, తమకి పూచికపుల్ల కూడా రాదని తెలిసే కూర్చున్నట్టు. అయినా వచ్చేవాళ్లు. ఆదెమ్మ గిన్నెడు గుగ్గిళ్లు తెచ్చేది, నలుగురూ తినేవాళ్లు. "ఆస్తి ఎవరికన్నా రాసుకో పెద్దమ్మా, గుగ్గిళ్లు మాత్రం మాకు రాయి" అనేవాడంట మస్తాను. ఒక నెల మరిది కొడుక్కి రాయించింది. మరు నెల తీసేయించి ఊరి బడికి రాయించింది. "ఆ పిల్లాణ్ణి ఎందుకు తీసేశావత్తా?" అని పానకాలు అడిగితే, "కల్లోకొచ్చి కూడా సరిగ్గా మాట్లాడలా నాయనా" అందంట. చూశారా!

ఏమైందంటే, ఏడో నెల. పానకాలు అరుగుకి రెండో మెట్టు రాయి వదులైంది. రేపు చేయిస్తా, ఎల్లుండి చేయిస్తా అని ఏడాదిగా అంటానే ఉన్నాడు. ఆదెమ్మ గుగ్గిళ్ల గిన్నెతో కాలు పెట్టింది, రాయి తిరిగింది, ఆమె కింద పడింది. మోకాలు చిట్లింది. కట్లాయన వెదురుబద్దలు వేసి బిగించి, మూడు నెలలు మంచం దిగమాక అన్నాడు. ఊళ్లోవాళ్లు ఒకరోజు వచ్చారు. "పానకాలు మీద దావా వెయ్యి, నష్టపరిహారం కక్కిస్తారు" అన్నారు. ఆమె అడిగిందేమిటో తెలుసా? కోర్టులో నా పేరు పిలుస్తారా అని! బంట్రోతు మూడుసార్లు కేకేస్తాడు అన్నారంట. ఆమె దాన్ని గురించి ఆలోచించిందంట.

పానకాలు మాత్రం ఆ వీధి మొహం చూళ్లా. ఎందుకంటే, పలకరించడానికి పోతే తప్పు ఒప్పుకున్నట్టని ఆయన భయం. చట్టం తెలియనివాడైతే ఆ సాయంత్రమే బత్తాయిపళ్లు పట్టుకుని పోయుండేవాడు. తెలిసినవాడు గనక పోలా. నాంచారమ్మ గంజి తెచ్చేది, మస్తాను కాలి కింద దిండు సర్దేవాడు, ఎవరి పని మీద వాళ్లు పోయేవాళ్లు. నెల తిరిగింది. ఇంట్లో ఎవరూ లేరు. ఆదెమ్మ తనే అనుకుందంట పైకి, "కీర్తిశేషులు బత్తుల సుబ్బయ్య గారి భార్య ఆదెమ్మ, పూర్తి స్మారకంతో..." అని. అక్కడ ఆగిపోయింది. తన పేరు తన నోటితో చదువుకుంటే ఉప్పులేని కూడు తిన్నట్టుందంట.

అప్పుడు మస్తానుతో కబురు పంపింది. దావా వేస్తున్నాను, వద్దనుకుంటే కాగితాలు పట్టుకుని రమ్మను అని. పానకాలు చెమటలు కక్కుతా వచ్చాడు. "రాజీపత్రం రాయమంటావా అత్తా?" "రాజీ ఎందుకు, మనమేమన్నా కొట్టుకున్నామా? వీలునామా రాయి." రాశాడు. "నా తదనంతరం ఇల్లూ దొడ్డీ" దాకా వచ్చి, ఎవరికి చెందాలి అని అడిగాడు. "అక్కడ ఖాళీ వదులు. వచ్చే నెల చెబుతా." "ఖాళీ వదిలితే చెల్లదత్తా." "చెల్లకపోతే నువ్వు మళ్లీ రావాలిగా" అందంట. పానకాలు ఖాళీ వదిలాడు. పైకి చదివాడు. అడక్కుండానే రెండోసారి కూడా చదివాడు.

అట్లా పదకొండు నెలలు వచ్చాడు. పదకొండు కాగితాలు, పదకొండు ఖాళీలు. పన్నెండో నెల రాకముందే ఆదెమ్మ పోయింది. పెట్టె తెరిస్తే ఆఖరి కాగితంలో వేలిముద్ర ఉంది, సాక్షులున్నారు, ఆ ఒక్క చోటే తెల్లగా ఉంది. పానకాలు కలం తీసి, ఆ ఖాళీలో నీ పేరు రాయనా అన్నట్టు మస్తాను వైపు చూశాడంట. "వద్దు బాబూ, మేం సాక్షులం" అన్నాడు మస్తాను. చట్టం ప్రకారం అంతా మరిది కొడుక్కి పోయింది. వాడు పెంకులమ్మాడు, దూలాలమ్మాడు, జాగాలో చొప్పవాము వేశాడు.

కొన్నాళ్లకి మస్తాను తన ఇల్లు కూతురు పేర రాయించాడు. పానకాలు హద్దులు చదువుతున్నాడు. "తూర్పు: వీధి. దక్షిణం: బత్తుల సుబ్బయ్య గారి భార్య ఆదెమ్మ ఇల్లు." ఆ పిల్ల అంది గదా, "అక్కడ ఇల్లెక్కడుంది బాబాయ్, చొప్పవాముగా!" "పాత కాగితంలో అట్లాగే ఉందమ్మా, హద్దు మార్చగూడదు" అన్నాడు. నిజానికి పాత కాగితంలో ఉన్నది 'బీడు' అని. ఇద్దరు సాక్షుల ముందు ఆ వాక్యం రెండుసార్లు చదివాడంట. పానకాలు కూడా పోయాడు. ఆ చుట్టుపక్కల ఎవరు అమ్మినా, ఎవరు కొన్నా, ఇప్పటికీ ఆ హద్దే రాస్తారు, ఆ పేరే పైకి చదువుతారు. మరిది కొడుకు ఒకసారి గొడవకొచ్చాడంట, జాగా నాదైతే నా పేరెందుకు రాయరు అని. నాంచారమ్మ కొట్లోంచే కేకేసింది, "నువ్వెవరికన్నా గుగ్గిళ్లు పెట్టావంట్రా?"

అదీ సంగతి. ఇంక లేవండి, పొద్దుగూకుతుంది. రెండో మెట్టు చూసుకుని దిగండి, పానకాలు నాటి రాయే, ఇంకా కదులుతుంది. రేపు చేయిస్తా.